డిఫాల్టుగా బతికున్న మొక్కలు

జూలై వస్తే మా ఆఫీసులో రెండు మెయిళ్ళు తప్పవు. ఒకటి అప్రైజల్ గురించి, రెండోది మొక్కలు నాటడం గురించి. మొదటిదానికి సంతోషించేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. రెండోదానికి మాత్రం గంటలో బస్సు సీట్లన్నీ నిండిపోతాయి. శనివారం పొద్దున ఆరున్నరకి బస్సు, పచ్చరంగు టీ షర్టు, దారిలో ఇడ్లీ వడ, ఏదో గుట్ట దగ్గర రెండు గంటలు, గ్రూప్ ఫొటో, చీకటి పడేలోగా ఇల్లు. చేతికి మట్టి అంటితే మనసుకి హాయిగా ఉంటుంది, కాదనను. నేనూ వెళ్ళాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

కాబట్టి ఈ టపా ఎవరినో తిట్టటానికి రాస్తున్నది కాదు. తిట్లలో మొదటి వాటా నాదే.

నా గొడవ ఇది: పాడైన అడవినీ, బీడునీ, పొలాన్నీ బాగుచెయ్యటం అనే పనిని మనం మొక్కల లెక్కగా మార్చేశాం. నాటటానికి డబ్బులున్నాయి, ఫొటోకి డబ్బులున్నాయి. అక్కడ అంతకు ముందు ఏముండేది, ఇప్పుడు ఏం తిరిగొస్తోంది, ఎందుకు రావట్లేదు అని ఐదేళ్ళో పదేళ్ళో కూర్చుని చూసే పరిశోధనకి మాత్రం ఎవరి దగ్గరా డబ్బుల్లేవు. మా పాత వరంగల్ జిల్లానే చూడండి. 2016 అక్టోబర్‌లో జిల్లాల్ని ముక్కలు చేసినప్పుడు దాన్నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విడిపోయాయి. ఒకచోట చెలకలు, ఒకచోట పోడు, ఒకచోట అడవీ బొగ్గూ. ఈ మూడు చోట్లా చెయ్యాల్సిన పని మూడు రకాలు. మనం మూడు చోట్లా చేస్తున్నది మాత్రం ఒకటే, గుంత తీసి మొక్క పెట్టటం.

ముందు నా భాగోతం చెప్తా.

2018 వానాకాలం. మా బస్సు జనగామ దాటాక ఓ గుట్ట కింద ఆగింది. మాది ఆ పక్క ఊరే కాబట్టి చోటు చూపించిన పెద్దమనిషిని నేనే. పదిహేను రోజుల ముందే జేసీబీ వచ్చి గుట్ట వాలంతా సాపు చేసి, మూడు మీటర్లకొక గుంత తవ్వి పెట్టింది. ఆ సాపు చెయ్యటంలో ఏమేం పోయాయో అప్పుడు నాకు పట్టలేదు. రేల, బలుసు, పరికి, మోదుగ పిలకలు, మోకాలెత్తు గడ్డి. మా కళ్ళకి అదంతా తుప్పలు. గొర్లు కాసుకునే ఒకాయన కర్ర మీద గడ్డం ఆనించి మమ్మల్నే చూస్తూ నిలబడ్డాడు. మా చిన్నాయన వయసుంటుంది. "ఏందే బిడ్డా, ఉన్నయి పీకి లేనియి పెడుతున్రు?" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన్ని పక్కన నిలబెట్టి ఒక ఫొటో కూడా తీసుకున్నాం.

అంతటితో ఆగితే బాగుండేది. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, ఊరికే నాటితే ఎలా? ప్రతి మొక్కకీ ఒక నంబరు, జీపీయస్ పాయింటు, ఒక ఫొటో. ఆర్నెల్లకోసారి ఎవరో ఒకరు వెళ్ళి మొక్క బతికుందో పోయిందో నమోదు చెయ్యాలి. ఆ యాప్ రాసింది నేనే. వారాంతాలు కూర్చుని, పైసా తీసుకోకుండా. మా పెద్దవాళ్ళకి డ్యాష్‌బోర్డు తెగ నచ్చింది. పచ్చ చుక్కలు మెరుస్తూ ఉండేవి మరి.

2021లో, కోవిడ్ కాస్త తెరిపిచ్చాక, ఊరెళ్ళినప్పుడు ఆ గుట్ట ఎక్కాను. చేతిలో ఫోను, ఫోనులో డ్యాష్‌బోర్డు, డ్యాష్‌బోర్డు నిండా పచ్చచుక్కలు. కాళ్ళ కింద ఎండిన గుంతలు, చిరిగిన నల్ల ప్లాస్టిక్ సంచులు. బతికున్నవాటిని చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అవీ కానుగలే, కానుగని మేక ముట్టదు కాబట్టి. ఇంటికొచ్చి కోడ్ తెరిచా. 'బతికి ఉంది' అన్న ఫీల్డుకి నేను పెట్టిన డిఫాల్టు విలువ 'ట్రూ'. ఎవరూ గుట్ట ఎక్కకపోతే మొక్క బతికున్నట్టే లెక్క. చచ్చిందని చెప్పాలంటే ఎవరో ఒకరు ఎండలో నడిచి వెళ్ళి, వంగి చూసి, టిక్కు తియ్యాలి. బతికుందని చెప్పటానికి ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు.

ఇది బగ్గే, ఒప్పుకుంటా. కానీ మూడేళ్ళపాటు ఆ బగ్గు గురించి ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. అదీ అసలు సంగతి. ఆ సంఖ్య తప్పని తేలితే లాభపడేవాడు ఎవడూ లేడు.

ఇప్పుడు పెద్ద లెక్కల్లోకి వద్దాం. 2015 జూలై 3న చిలుకూరులో హరితహారం మొదలైంది. 230 కోట్ల మొక్కలు, రాష్ట్రంలో పచ్చదనం 24 నుంచి 33 శాతానికి అన్నది లక్ష్యం. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 1.12 కోట్ల హెక్టార్లు. భాగించి చూడండి, హెక్టారుకి 205 మొక్కలు. చార్మినారు, హుస్సేన్‌సాగరు, మీ అపార్ట్‌మెంటు పార్కింగు అన్నీ కలుపుకుని :)

ఈ కార్యక్రమాన్ని వెక్కిరించటం తేలిక, అందరూ చేసేశారు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆ ప్రణాళిక కాగితంలో ఒక మంచి విషయం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 230 కోట్లలో 100 కోట్లు అడవి లోపలివి. వాటిలో ఎక్కువ భాగాన్ని నాటి కాదు, నరికేసిన చెట్ల మోళ్ళనీ వేళ్ళనీ కాపాడి తిరిగి లేపాలని రాసుకున్నారు. అక్షరాలా సరైన ఆలోచన. కానీ మోడు చిగురు పెడుతుంటే దాని పక్కన నిలబడి ఫొటో ఎవడు దిగుతాడు? రిబ్బను ఎక్కడ కడతారు? అందుకని జనానికి గుర్తున్నది మొక్కా, పారా, చప్పట్లే. 2024లో ప్రభుత్వం మారాక పేరు వనమహోత్సవం అయింది. పారా మాత్రం అదే.

2018 పంచాయతీరాజ్ చట్టం ఇంకో మెట్టెక్కింది. ఊళ్ళో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచి మీదా కార్యదర్శి మీదా చర్య. వినటానికి ఎంత బాగుందో! కోడ్ కవరేజీ 85 శాతం లేకపోతే రిలీజు ఆపేస్తాం అని మేనేజరు అన్నప్పుడు మనం ఏం చేశామో గుర్తుందా? దేన్నీ పరీక్షించని టెస్టులు రాత్రికి రాత్రి రాసిపడేశాం. ఉద్యోగం పోతుందన్న భయంలో ఉన్న పంచాయతీ కార్యదర్శి మనకంటే తెలివితక్కువవాడేం కాదు. దేనికి చావు లేదో దాన్నే నాటుతాడు. కోనోకార్పస్ ఊరూరా అలాగే వచ్చింది. మేక తినదు, నీళ్ళడగదు, రెండేళ్ళకి నిటారుగా పచ్చటి గోడ. తర్వాత ప్రభుత్వమే దాన్ని నాటొద్దనుకుంది. దాని మీద పిట్ట గూడు పెడుతుందా, దాని కింద ఇంకో మొక్క మొలుస్తుందా అని మొదట్లోనే ఎవరన్నా చూసి ఉంటే, నాటే ఖర్చూ పీకే ఖర్చూ రెండూ మిగిలేవి.

పైనుంచి చూసే లెక్క సంగతీ అంతే. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నిర్వచనంలో హెక్టారు పైబడిన ఏ భూమిలోనైనా చెట్ల పందిరి 10 శాతం దాటితే అది 'అటవీ విస్తీర్ణం'. భూమి ఎవరిదైనా సరే, చెట్టు ఏదైనా సరే. మామిడి తోట అడవే, జామాయిల్ తోటా అడవే. 2021 నివేదికలో తెలంగాణకి 632 చదరపు కిలోమీటర్లు పెరిగిందని చూసి నేనూ వాట్సాప్‌లో చప్పట్లు పంపాను. అందులో అడవెంతో తోటెంతో ఆ ఒక్క సంఖ్యని చూసి చెప్పలేం. పెద్ద చెట్లున్న వందేళ్ళ అడవి నరికి అంతే విస్తీర్ణంలో తోటలు పెంచామనుకోండి, ఆ సంఖ్య ఇంచు కూడా కదలదు.

భూపాలపల్లి నుంచి మొదలుపెడదాం. గోదావరి ఒడ్డున మహదేవపూర్ అడవి, ఇటు సింగరేణి గనులు, చెల్పూరులో థర్మల్ కేంద్రం. 2019 ఫిబ్రవరిదాకా ములుగు, ఏటూరునాగారం కూడా ఈ జిల్లాలోవే. ఈ అడవి స్వభావం ఏమిటో మా వైపు ముసలివాళ్ళెవర్నడిగినా చెప్తారు. టేకు, మద్ది, తునికి, ఏగిస, మోదుగ.. నరికితే చావవు. మోడు నుంచి నాలుగు పిలకలు లేస్తాయి. వాటిని మూడు నాలుగేళ్ళు మంట నుంచీ పశువు నుంచీ గొడ్డలి నుంచీ కాపాడితే చాలు. భూమిలో వేరు సిద్ధంగా ఉంది, దానికి వయసుంది, లోతుంది. నర్సరీలో ఆరు నెలలు సంచిలో పెరిగిన మొక్క దానితో పోటీ పడాలంటే ఎలా? కాబట్టి ఇలాంటి చోట మొదటి ప్రశ్న "ఎన్ని నాటాలి" కాదు, "కింద ఎన్ని వేళ్ళు బతికున్నాయి" అన్నది. దీనికి జవాబు ఏ శాటిలైటూ చెప్పదు. కర్రా తాడూ పట్టుకుని, పది మీటర్ల చదరం గీసి, మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టాలి. మంట సంగతీ అంతే. ఎండాకాలం అడవి తగలబడటం వెనక ఇప్పపువ్వు ఏరేవాళ్ళ అవసరం ఉంది, తునికాకు లేతగా చిగురించాలన్న అవసరం ఉంది. ఆ మనుషులతో మాట్లాడకుండా అగ్గిని ఆపలేరు. అగ్గిని ఆపకుండా నాటినవన్నీ బూడిదే.

కాళేశ్వరం ప్రాజెక్టుకి మళ్ళించిన అటవీ భూమి 3,168 హెక్టార్లు. అంతా భూపాలపల్లిదే కాదు, చాలా జిల్లాలది, కానీ మహదేవపూర్ అడవి అందులో ఉంది. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడొద్దు, 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాక ఆ చర్చ వేరే దారిలో నడుస్తోంది. నా ప్రశ్న ఆ పోయిన అడవికి బదులు పెంచాల్సిన అడవి గురించి. కాగితం మీద చట్టం బాగానే ఉంటుంది. పోయినంత భూమి అటవీయేతర భూమిలో ఇవ్వాలి, లేదా పాడైన అడవిలో రెండింతల్లో పెంచాలి. ఆచరణ? దేశం మొత్తం మీద 2006 నుంచి 2012 వరకు ఏం జరిగిందో కాగ్ 2013లో చెప్పింది. రావాల్సిన అటవీయేతర భూమి 1,03,382 హెక్టార్లయితే వచ్చింది 28,086. అంటే 27 శాతం. అందులో మొక్కలు పెంచింది రావాల్సినదాంట్లో 7 శాతం చోట. మన ప్రాజెక్టుల్లో డెలివరీ 7 శాతం ఉంటే క్లయింటు ఏమంటాడో మీకు తెలుసు. అడవి క్లయింటు కాదు కదా, మెయిలు పంపదు.

గని తవ్విన మట్టిగుట్టల సంగతి వేరు. అక్కడ కింద వేళ్ళు లేవు, విత్తనం లేదు, అసలు మట్టే లేదు. వందల అడుగుల లోతు నుంచి వచ్చిన రాయీ ఇసుకా. అక్కడ నాటాల్సిందే, వేరే దారి లేదు. కానీ ఏం నాటాలి, పై మట్టి దాచిపెట్టి తిరిగి పరిచారా లేదా, పదేళ్ళకి ఆ చెట్ల కింద తమంతట తాముగా ఏం మొలుస్తున్నాయి? ఇదీ పరిశోధన అంటే. చెట్లు పైకి పచ్చగా ఉండి కింద గడ్డిపరక కూడా లేకపోతే అది అడవి కాదు, కర్రల గోడౌను.

తాడ్వాయి అడవిలో 2024 ఆగస్టు 31న జరిగింది గుర్తుందా? గాలివాన ఒక్క దెబ్బకి వందల ఎకరాల్లో చెట్లని వేళ్ళతో సహా పెకలించింది. యాభై వేల పైచిలుకు చెట్లని వార్తలు. ఫేస్‌బుక్‌లో మనవాళ్ళ మొదటి స్పందన ఏంటంటే "పదండి, వెళ్ళి నాటొద్దాం". ఆగండి బాబూ! కోట్లు పెట్టినా ఏ శాస్త్రవేత్తా చెయ్యలేని ప్రయోగం ప్రకృతి చేసి చూపించింది. అక్కడ సగం చోటుని ముట్టుకోకుండా వదిలేసి, పడిన మాను కింద ఏం మొలుస్తుందో, ఎండ తగిలిన నేలలో పాత విత్తనం ఏది లేస్తుందో, ఎప్పుడెప్పుడు ఏ పిట్ట వస్తుందో ఇరవై ఏళ్ళు రాసిపెట్టుకుంటే, మన తెలంగాణ అడవి గురించి ఎక్కడా దొరకని పాఠం దొరుకుతుంది. మనం ఏ బటన్ రంగు బాగుంటుందో తేల్చటానికి ఏ/బీ టెస్టు చేస్తాం. అడవికి మాత్రం ఆ మర్యాద లేదు.

మహబూబాబాద్‌కి వద్దాం. ఇక్కడ గొడవ వేరు. గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాల్లో కోయగూడేలు, లంబాడా తండాలు, వాటిని ఆనుకుని పోడు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకి హక్కు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రం మొత్తం మీద సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పోడు పట్టాలిస్తామని ప్రకటించారు. అందినవాళ్ళున్నారు, ఇంకా ఎదురుచూస్తున్నవాళ్ళున్నారు. ఇలాంటి నేల మీద మొక్క అంటే ఏంటో తెలుసా? కంచె. హద్దురాయి. మా టీములో ఆ వైపు తండా నుంచి వచ్చిన తమ్ముడొకడున్నాడు. నేను గొప్పగా యాప్ చూపిస్తే వాడన్నాడు: "అన్నా, మా అమ్మకు మొక్కను చూస్తే భయం. మొక్క పెట్టినంక ఆ జాగ మనది కాదంటరని."

వాడి అమ్మది ఉత్త భయం కాదు. 2019 జూన్ 30న కుమ్రంభీం జిల్లా సార్సాలలో మొక్కలు నాటించటానికి ట్రాక్టర్లతో వెళ్ళిన అటవీ అధికారిణిని కర్రలతో కొట్టారు, దేశమంతా ఆ వీడియో చూసింది. 2022 నవంబర్‌లో భద్రాద్రి జిల్లా చండ్రుగొండ దగ్గర ఇంకో అధికారి ప్రాణమే పోయింది. అక్కడా తగువు అటవీశాఖ ప్లాంటేషన్ దగ్గరే. కొట్టినవాళ్ళనీ చంపినవాళ్ళనీ నేను వెనకేసుకురాను. డ్యూటీ చేస్తున్న మనిషి మీద కర్ర ఎత్తటానికి ఏ సాకూ చాలదు. కానీ ఎవరి భూమో తేలకుండానే గుంతలు తవ్వమని వాళ్ళని పంపించిన ఆ టార్గెట్ ఉంది చూశారూ, దాన్ని బోనెక్కించినవాడు లేడు. భూమి హక్కు తేల్చకుండా చేసే అటవీ పునరుద్ధరణ కాగితం పడవే. ఇది సామాజిక సమస్య, పర్యావరణ శాస్త్రానికి సంబంధం లేదనేవాళ్ళుంటారు. సంబంధం లేకపోతే కొత్తగా పెట్టిన ప్లాంటేషన్‌లోకి పశువుల్ని ఎవరు తోలుతున్నారో, ఎందుకు తోలుతున్నారో శాస్త్రం ఎలా చెప్తుంది?

జామాయిల్ కథ కూడా చెప్పాలి. పాత వరంగల్, ఖమ్మం జిల్లాల్లో అటవీ అభివృద్ధి సంస్థ అడవి భూముల్లోనే జామాయిల్ వేసింది, కాగితం మిల్లుల కోసం రైతులూ వేశారు. కమలాపురంలో కలప గుజ్జు చేసే మిల్లు 2014లో మూతపడింది. జామాయిల్ మాత్రం ఉంది. మా చిన్నాయన కూడా మూడెకరాల చెలకలో వేశాడు. సలహా ఇచ్చింది ఎవరనుకున్నారు? హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్న ఈ తెలివైనవాడే. "కూలీల బాధ ఉండదు చిన్నాయనా, నాలుగేళ్ళకోసారి నరికి అమ్మటమే" అన్నా. రెండు కోతలు బాగానే వచ్చాయి. ఇప్పుడు తీసేసి కంది వేద్దామంటే మోడు తియ్యటానికి పొక్లెయిన్ కావాలి. నరికినప్పుడల్లా పిలక లేస్తుంది. "నీ మాట ఇనుడే నాది తప్పు బిడ్డా" అని నవ్వుతూనే అంటాడు గానీ, ఆ నవ్వు నాకు తగలాల్సిన చోటే తగులుతుంది.

ఇక జనగామ. మా చెలకల్ని బాగుచెయ్యటమంటే అడవి పెంచటం కాదు. ఎర్రనేల, తక్కువ వాన, ఎండిన బోర్లు. ఇక్కడ పాడైంది మట్టి. 1997-98లో వరంగల్ పత్తి రైతుల చావులు పేపర్లలో చదివిన తరం మనది. ఎన్ని మందులు కొట్టినా లద్దెపురుగు చావలేదు, మనుషులు చచ్చారు. ఆ వెనకాలే లింగాలఘణపురం మండలంలో ఏనబావి అనే చిన్న ఊరు వేరే దారి పట్టింది. క్రాప్స్ అనే జనగామ సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడుగా నిలిచాయి. మొదట ఎర్రగొంగళి పురుగుతో మొదలైంది. తొలకరి పడగానే రాత్రిపూట ఊరంతా ఒకేసారి మంటలు వేసి రెక్కల పురుగుల్ని పట్టటం. ఒక్కడు చేస్తే లాభం లేదు, ఊరంతా చెయ్యాలి. తర్వాత వేపకషాయం, తర్వాత ఎరువులు మానటం. 2006కల్లా యాభైకి పైగా కుటుంబాలు, దాదాపు 280 ఎకరాలు, పూర్తిగా రసాయనాల్లేని ఊరిగా ప్రకటించుకున్నారు.

దీన్ని పర్యావరణ పునరుద్ధరణ అని ఎవరూ అనరు, ఎందుకంటే అక్కడ నాటిన మొక్కల సంఖ్య లేదు. నా దృష్టిలో ఈ మూడు జిల్లాల్లో ఆ పేరుకి తగ్గది ఏదన్నా ఉంటే అదే. ఒక పొలం కాదు, ఊరి హద్దుల్లోని నేల మొత్తం. ఇరవై ఏళ్ళలో ఆ మట్టిలో కర్బనం ఎంత పెరిగింది, వానపాములెన్ని, కంది పూతకి వచ్చే తేనెటీగలెన్ని, పక్క ఊరితో పోలిస్తే బావుల్లో నీళ్ళెలా ఉన్నాయి? పక్క ఊరు ఉంది కదా పోల్చటానికి, ప్రయోగశాల తయారుగా ఉంది కదా! ఏటేటా ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలిచే పని మన డబ్బుతో ఎందుకు చెయ్యకూడదు? మిషన్ కాకతీయ కింద 2015 నుంచి చెరువుల పూడిక తీసి రైతులు చెలకలకి తోలుకున్నారు. ఆ ఒండ్రు పడిన చెలకకీ పడని చెలకకీ తేడా మా ఊళ్ళో పిల్లవాడు కూడా చూపిస్తాడు. అంకెల్లో రాసిపెట్టినవాడెవడు?

మా గుట్టల మీది గడ్డి సంగతి కూడా ఒక్క మాట. మన ఆఫీసర్లకీ మనకీ చెట్టు లేనిదల్లా బంజరే. బంజరు భూముల అట్లాసులు తయారుచేసింది కూడా మన బాలానగర్ ఎన్నారెస్సీయే. కానీ జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ వగైరా శాస్త్రవేత్తలు 2011లోనే అడిగారు, మనం పాడైన అడవి అనుకునేదాంట్లో చాలా భాగం అసలు అడవే కాదేమో, చెట్లూ గడ్డీ కలిసి వేల ఏళ్ళుగా ఉన్న సవన్నా ఏమో అని. ఆ గొర్ల కాపరి మాకు కర్ర మీద గడ్డం ఆనించి చెప్పింది కూడా అదే. ఆయన మాట వినటానికి జర్నల్ చందా కూడా అక్కర్లేదు.

"అంటే చెట్లు నాటొద్దంటావా? ఏమీ చెయ్యనివాడి కంటే నయం కదా" అని వ్యాఖ్య రాయబోతున్నవాళ్ళకి ముందే చెప్తున్నా. ఏమీ చెయ్యకపోవటమే నయమైన చోట్లు బోలెడున్నాయి. హిమాచల్‌లోని కాంగ్రా జిల్లాలో దశాబ్దాలుగా నాటిన మొక్కల్ని పరిశీలించి 2021లో కోల్‌మన్, ఫ్లైష్‌మన్ బృందం చెప్పిందేమంటే, అంత నాటినా అడవి పందిరి పెద్దగా పెరగలేదు, జనానికి ఉపయోగపడే చెట్లూ పెరగలేదు అని. అలాగని "వదిలేస్తే అదే పెరుగుతుంది" అన్నది కూడా మంత్రం కాదు. ఉష్ణమండల అడవుల్లో నాటటం కంటే సహజంగా లేవనివ్వటమే ఎక్కువ ఫలిస్తోందని 2017లో క్రూజేయ్ బృందం లెక్క తేలిస్తే, మరుసటేడు రీడ్, ఫేగన్, జహావీ అడ్డుపడ్డారు. లేస్తుందని ముందే తెలిసిన చోట్లనే వదిలేస్తారు, లేవని చోట నాటతారు, రెంటినీ పోల్చటం అన్యాయం అని. సబబైన వాదన. ఇద్దరిలో ఎవరు మహదేవపూర్‌కి సరిపోతారు, ఎవరు గూడూరికి? బ్రెజిల్ పేపరు చదివితే తెలియదు. ఇక్కడ కొలవాలి. కొలవటానికి మనుషులు లేరా? కాకతీయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివి కోచింగు సెంటర్ల చుట్టూ తిరిగే పిల్లలున్నారు. ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉంది (మన ములుగు కాదు లెండి, సిద్దిపేట జిల్లా ములుగు, నేనూ మొదట పొరబడ్డాను). తునికాకు కోసే ఆడవాళ్ళకి ఏ మోడు ఏ యేడు చిగురించిందో తెలుసు. వాళ్ళకి రోజు కూలి ఇచ్చి అడిగినవాడు లేడు.

డబ్బు మాటకొస్తే, 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకి ఖర్చుపెట్టాల్సింది మన కంపెనీలే. దానికి తోడు గ్రీన్ క్రెడిట్ వచ్చింది. 2024లో పెట్టిన పద్ధతిలో పాడైన అటవీ భూమిలో హెక్టారుకి 1,100 మొక్కలు నాటాలి, రెండేళ్ళకి మొక్కకొక క్రెడిట్. 1,100 అంటే మూడు మీటర్లకొకటి, మా గుట్ట మీద జేసీబీ తవ్విన కొలతే! విమర్శలొచ్చాక 2025 ఆగస్టులో సవరించారు, ఐదేళ్ళు ఆగాలన్నారు, 40 శాతం పందిరి రావాలన్నారు. ఐదేళ్ళన్నది నయమే. కానీ 40 శాతం పందిరి జనగామ గుట్ట మీద రావాలంటే అక్కడి గడ్డిని చంపాలి. భూపాలపల్లికి రాసిన టెస్టు కేసుని జనగామ మీద నడపటం ఇది.

నా కోరిక పెద్దదేం కాదు. నాటటానికి పెట్టే ప్రతి పది రూపాయల్లో రెండు కొలవటానికి తీసిపెట్టండి. జేసీబీ రాకముందు అక్కడేముందో ఒక జాబితా రాయించండి. పక్కనే ఒక ఎకరం ముట్టుకోకుండా వదలండి. ఐదేళ్ళు ఒకే మనిషిని పంపండి. వచ్చిన అంకెలు, చచ్చినవాటితో సహా, అందరికీ కనబడేట్టు పెట్టండి. నేను నా యాప్‌లో ఆ ఫీల్డు మార్చాను. ఇప్పుడు డిఫాల్టుగా 'తెలియదు' అని ఉంటుంది. మార్చిన రోజు డ్యాష్‌బోర్డు మొత్తం బూడిదరంగులోకి తిరిగింది. వారం తిరక్కుండా దాన్ని మా సైటు నుంచి తీసేశారు.

ఈసారి మెయిల్ రాగానే జవాబు రాశాను. బస్సులూ టీ షర్టులూ మానేసి ఆ డబ్బుతో 2018లో నాటిన గుట్ట మీదే ఇద్దరు విద్యార్థుల చేత ఐదేళ్ళు సర్వే చేయిద్దాం, గొర్ల కాపరిని కూడా పెట్టుకుందాం, మిగతా ఏర్పాట్లు నేను చూస్తా అని. రెండు రోజులకి తిరుగు మెయిల్ వచ్చింది. నా ఉత్సాహానికి ధన్యవాదాలట, శుక్రవారంలోగా నా టీ షర్టు సైజు చెప్పాలట.